మన పిల్లల నిద్ర - సామాజిక మాధ్యమాల అల్గారిథంలు

నిద్ర దైవం మానవునికి ప్రసాదించిన గొప్ప అనుగ్రహాల్లో ఒకటి. ఆకలి, దప్పికల మాదిరిగానే అదీ దేహానికి ఒక అవసరం. కాని ఒక తేడా ఉన్నది. ఆకలి వేసినవాడు అన్నం అడుగుతాడు. నిద్ర చాలనివాడు మాత్రం తనకు నిద్ర చాలడం లేదని తరచు గుర్తించనే గుర్తించడు. చదువు కుంటుపడుతుంది, చీటికి మాటికి కోపం వస్తుంది, దేనిమీదా మనసు నిలవదు. కారణాన్ని మాత్రం అతనూ, అతని చుట్టూ ఉన్నవారూ మరెక్కడో వెతుకుతూ ఉంటారు.

నేడు అనేక ముస్లిం కుటుంబాల్లో వేకువజామున కనిపించే ఒక దృశ్యాన్ని తీసుకుందాం. ఫజ్ర్ అజాన్ వినిపించింది. తండ్రి వుజూ చేసుకుని పదిహేనేళ్ల కొడుకును లేపుతాడు. ఒకసారి పేరుపెట్టి పిలుస్తాడు, రెండోసారి భుజం తడతాడు, మూడోసారి దుప్పటి లాగుతాడు. "లేస్తున్నా అబ్బా" అంటూనే కుర్రవాడు మళ్లీ ముడుచుకుని పడుకుంటాడు. తండ్రి ఒక్కడే మసీదుకు వెళ్తాడు. తిరిగి వచ్చాక ఇంట్లో మాటలు మొదలవుతాయి. "వీడికి నమాజంటే లక్ష్యం లేదు, ఒళ్లు బరువు, ఈమాన్ బలహీనపడింది" అని. కుర్రవాడు తలవంచుకుని వింటాడు. రోజూ వినగా వినగా, తాను నిజంగానే అలాంటివాడినని నమ్మడం మొదలుపెడతాడు. ఆడపిల్లల విషయంలోనూ ఇదే జరుగుతున్నది. వారి సంగతి తల్లికి మాత్రమే తెలుస్తుంది, అంతే తేడా.

ఈ తీర్పు న్యాయమైనదేనా? తీర్పు చెప్పబోయే ముందు విచారణ జరగాలి కదా! వేకువన బయటపడిన ఈ సమస్య వేకువన పుట్టినది కాదు. అది ముందురాత్రి పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య, దుప్పటి కింద వెలుగుతున్న ఒక చిన్న తెరమీద పుట్టినది. ఆ వేళ ఆ కుర్రవాడు ఒంటరిగా లేడు. అతని ఎదుట ఒక యంత్రం ఉన్నది. అతని చూపును నిలిపి ఉంచడానికే దాన్ని తయారుచేశారు. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో, అది కౌమార వయస్సు పిల్లల నిద్రపై ఏ విధంగా ప్రభావం చూపుతుందో తెలుసుకుంటే తప్ప మన మందలింపుకు గాని, మన సంస్కరణ ప్రయత్నానికి గాని అర్థముండదు.

నిద్రలో ఏం జరుగుతుంది?

నిద్ర అంటే దేహం ఊరికే పడి ఉండటం కాదు. ఆ సమయంలో మెదడు తన పనులు తాను చేసుకుంటూ ఉంటుంది. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువగా ఉంటుంది. దేహం ఎదుగుదలకు తోడ్పడే హార్మోను అధిక మోతాదులో విడుదలయ్యేది ఈ వేళలోనే. కలలు వచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. పగలు నేర్చుకున్న పాఠం జ్ఞాపకంగా స్థిరపడటానికీ, మనసులోని ఉద్వేగాలు సర్దుకోవటానికీ ఈ రెండు రకాల నిద్రా అవసరమే. కనుక ఆలస్యంగా పడుకుని వేకువన లేచే పిల్లవాడు కోల్పోయేది కొన్ని గంటలు మాత్రమే కాదు. చివరి భాగంలో రావలసిన నిద్రలో చాలాభాగాన్ని అతను కోల్పోతున్నాడు.

13 నుంచి 18 ఏళ్ల వయస్సు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రా వైద్యుల సంస్థ 'అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్' 2016లో సిఫారసు చేసింది. "పెద్దవాడవుతున్నాడు, ఇక అంత నిద్ర ఎందుకు?" అనే మాట మన ఇళ్లలో తరచు వినిపిస్తుంది. మేరీ కార్‌స్కడాన్ అనే పరిశోధకురాలు 1976లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ విషయాన్ని పరిశీలించటం ప్రారంభించారు. పిల్లల్ని వేసవిలో ఒకచోట ఉంచి, ఏటేటా వారి నిద్రను కొలిచారు. వయస్సు పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని అందరూ అనుకున్నారు. తగినంత అవకాశమిస్తే పెద్దపిల్లలు కూడా చిన్నపిల్లల మాదిరే దాదాపు తొమ్మిది గంటలు నిద్రపోతున్నారని తేలింది.

కౌమారంలో వెనక్కి జరిగే గడియారం

మనిషికి నిద్ర రావటానికి దేహంలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. మేల్కొని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి. రెండవది జీవ గడియారం. మెదడు అడుగుభాగంలో, కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల కణాల చిన్న గుంపు ఒకటి ఉన్నది. పగలు, రాత్రుల భేదాన్ని కంటిలో పడే వెలుగు ద్వారా తెలుసుకుని, ఆ గుంపు దేహమంతటికీ వేళ చెబుతుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదలయ్యేలా చేసేది ఇదే.

కౌమారంలో ఈ రెండు ఏర్పాట్లూ మారతాయి. మెలటోనిన్ విడుదలయ్యే వేళ వెనక్కి జరుగుతుంది. నిద్ర ఒత్తిడి కూడా మునుపటికంటే నెమ్మదిగా పెరుగుతుంది. ఫలితంగా, పదేళ్ల వయస్సులో తొమ్మిదింటికే నిద్రలోకి జారుకున్న పిల్లవాడికి పదిహేనో ఏట పది, పదకొండు గంటల వరకు నిద్ర రాదు. ఇది అతని అవిధేయత కాదు. గడ్డం మొలవటం, గొంతు మారటం ఎలాంటివో ఇదీ అలాంటిదే.

ఈ సంగతిని గుర్తుంచుకోవటం మిక్కిలి అవసరం. ఎందుకంటే సామాజిక మాధ్యమాలు లేని కాలంలో కూడా ఈ వయస్సు పిల్లలు రాత్రి కొంతసేపు నిద్రరాక పక్కమీద దొర్లేవారు. ఇంట్లో దీపాలు ఆరిపోయేవి, చేయటానికి పనేమీ ఉండేది కాదు, కాసేపటికి నిద్ర పట్టేది. నేడు ఆ ఖాళీ సమయంలోకి ఒక కొత్త అతిథి వచ్చి కూర్చున్నది. అది లేచి వెళ్లదు.

అల్గారిథం అంటే ఏమిటి?

అల్గారిథం అనేది కొత్త మాటలా కనిపించినా ముస్లింలకు కొత్తది కాకూడదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులోని విజ్ఞాన కేంద్రంలో పనిచేసిన గణితవేత్త ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ భాషలోకి వెళ్లి, రూపం మారి ఈ పదమైంది. ఒక ప్రశ్నకు జవాబు రాబట్టడానికి క్రమంగా వేయవలసిన మెట్ల వరుసనే అల్గారిథం అంటారు. ఆ మాటకొస్తే వారసత్వపు ఆస్తిని పంచే లెక్క కూడా అలాంటి మెట్ల వరుసే. కనుక అల్గారిథం స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దానిని ఏ ప్రశ్న అడుగుతున్నామన్నదే ముఖ్యం.

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్ వంటి మాధ్యమాల్లోని అల్గారిథం అడిగే ప్రశ్న ప్రధానంగా ఒకటే: "ఇప్పుడు ఏది చూపిస్తే ఈ మనిషి ఇక్కడే ఉంటాడు?" దీనికి జవాబు కోసం అది కొన్ని గుర్తులను లెక్కిస్తుంది. ఏ వీడియో వద్ద వేలు ఆగింది, ఎంతసేపు చూశాడు, మళ్లీ చూశాడా, ఇష్టమని గుర్తు పెట్టాడా, మిత్రునికి పంపాడా, ఏది చూడగానే తోసేశాడు - వీటన్నిటినీ కలిపి, అందుబాటులో ఉన్న అసంఖ్యాకమైన వీడియోల్లోంచి కొన్నిటిని ఎంచి, వరుస కట్టి ముందుంచుతుంది. చూసిన ప్రతిదీ తర్వాతి ఎంపికకు పాఠమవుతుంది. చిన్న వీడియోల్లో ఈ నేర్చుకోవటం మరీ వేగంగా జరుగుతుంది. అరగంటలో పిల్లవాడు వంద వీడియోలు తిరగేస్తే, యంత్రానికి అతని అభిరుచిపై వంద సాక్ష్యాలు దొరికినట్లే.

మొదట్లో ఈ మాధ్యమాలు ఇలా లేవు. మనం ఎంచుకున్న మిత్రులు పెట్టిన విషయాలు, పెట్టిన వేళను బట్టి వరుసగా కనిపించేవి. చూసినంతవరకు చూస్తే అయిపోయేది. ఫేస్‌బుక్ 2009లో జనాదరణను బట్టి వరుస కట్టటం ఆరంభించింది. యూట్యూబ్ 2012లో ఎన్నిసార్లు చూశారన్న లెక్కకు బదులు, ఎంతసేపు చూశారన్న లెక్కకు ప్రాధాన్యమిచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో వేళ వరుసను విడిచిపెట్టింది. మన దేశంలో 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించగానే, కొద్ది నెలల వ్యవధిలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడికి వచ్చాయి. వేదిక మారింది గాని పద్ధతి మారలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఈ లెక్కలో 'అలసట' అనే అంకె లేదు. రాత్రి పదకొండున్నరకు పిల్లవాడు ఇష్టపడి చూస్తున్నాడా, లేక ఆపే శక్తి లేక చూస్తూ ఉండిపోయాడా అన్నది యంత్రానికి అక్కరలేదు. చూపు నిలిచింది, అంతే. అలసిన మనసు చేసే తప్పును సైతం అది అభిరుచిగానే నమోదు చేసుకుంటుంది.

చివరి పేజీ లేని పుస్తకం

పూర్వం మనిషి చూసిన, చదివిన ప్రతిదానికీ ఒక ముగింపు ఉండేది. పత్రికకు చివరి పేజీ ఉండేది. రేడియో కేంద్రం రాత్రి కార్యక్రమాలను ముగించేది. దూరదర్శన్ ప్రసారాలు ఒక వేళకు ఆగిపోయేవి. ఆ ముగింపే "ఇక లేవవచ్చు" అని మనిషికి చెప్పేది. 2006లో ఆజా రాస్కిన్ అనే రూపకర్త, పేజీ అడుగుకు చేరగానే తర్వాతి భాగం దానంతటదే వచ్చి చేరే పద్ధతిని రూపొందించారు. అది జనం సమయాన్ని ఎంతగా హరించిందో చూసి, తర్వాతి కాలంలో ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపం వెలిబుచ్చారు. దీనికి తోడు, ఒక వీడియో అయిపోగానే మరొకటి తనంతట తానే మొదలయ్యే ఏర్పాటు కూడా వచ్చింది. వెనుకటి కాలంలో కొనసాగించటానికి ఒక నిర్ణయం అవసరమయ్యేది. ఇప్పుడు ఆపటానికి నిర్ణయం అవసరమవుతున్నది. అర్ధరాత్రి వేళ మెదడుకు అన్నిటికంటే కష్టమైన పని నిర్ణయం తీసుకోవటమే.

మరొక అంశం ప్రతిఫలపు అనిశ్చితి. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనోవిజ్ఞానవేత్త గత శతాబ్దంలో పావురాలపై, ఎలుకలపై ప్రయోగాలు చేశారు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే ఆ జీవి ఆకలిని బట్టి నొక్కుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా, అప్పుడప్పుడు మాత్రమే పడితే అది మానకుండా నొక్కుతూనే ఉంటుంది. రీల్స్ తిరగేయటంలోనూ ఇదే జరుగుతున్నది. నాలుగు వీడియోలు చప్పగా ఉంటాయి. అయిదోది కడుపుబ్బ నవ్విస్తుంది. ఆ అయిదోది మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. జూదంలో మనిషిని కూర్చోబెట్టేది కూడా ఈ ఆశే.

నిద్ర ఈ వ్యాపారానికి పోటీదారు అనే సంగతి ఆ రంగంలోని వారికి తెలియనిది కాదు. వీడియోలు అందించే నెట్‌ఫ్లిక్స్ సంస్థ అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో, తాము నిద్రతోనే పోటీ పడుతున్నామనే భావం వచ్చేలా బహిరంగంగా మాట్లాడారు.

నిద్రను దెబ్బతీసే నాలుగు దారులు

ఈ మాధ్యమాలు ప్రధానంగా నాలుగు మార్గాల్లో నిద్రను దెబ్బతీస్తాయి.

మొదటిది, సమయాన్ని ఆక్రమించటం. ఇది అన్నిటికంటే సరళమైనది, బహుశా అన్నిటికంటే పెద్దది. పదింటికి పడుకోవలసినవాడు పన్నెండింటికి పడుకుంటాడు.

రెండవది, మనసును ఉద్రేకపరచటం. నిద్రకు ముందు మనసు క్రమంగా చల్లబడాలి. కాని యంత్రం ఎంచి చూపేది చల్లబరిచే వాటిని కాదు. నవ్వు, కోపం, భయం, అసూయ, వివాదం - చూపును పట్టి ఉంచేవి ఇవే. తనను విడిచి మిత్రులంతా ఎక్కడికో వెళ్లిన ఛాయాచిత్రం చూసిన బాలిక ఫోను పక్కన పెట్టాక కూడా మేల్కొనే ఉంటుంది.

మూడవది, నోటిఫికేషన్లు. అమెరికాలోని కామన్ సెన్స్ మీడియా సంస్థ, మిషిగన్ విశ్వవిద్యాలయం కలిసి 2023లో సుమారు 200 మంది పిల్లల ఫోన్ల వినియోగాన్ని నేరుగా నమోదు చేశాయి. సగం మందికి రోజుకు 237 లేక అంతకంటే ఎక్కువ నోటిఫికేషన్లు వస్తున్నాయి. బడి ఉన్న రోజుల్లో కూడా అర్ధరాత్రి నుంచి వేకువ అయిదు గంటల మధ్య ఫోను వాడినవారు సగానికి పైగా ఉన్నారు.

నాలుగవది, వెలుగు. కంటిలో చూపుకు సంబంధించిన కణాలే కాక, నీలి వెలుగును గ్రహించి జీవ గడియారానికి వార్త పంపే కణాలు కూడా ఉన్నాయి. 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో, 12 మంది పడుకునే ముందు నాలుగు గంటల పాటు వెలుగు చిమ్మే పలకపై పుస్తకం చదివారు. అచ్చు పుస్తకం చదివిన రాత్రులతో పోల్చితే వారి మెలటోనిన్ విడుదల గంటన్నర ఆలస్యమైంది. అయినా నిద్ర పట్టటంలో ఆలస్యం పది నిమిషాలే. కాబట్టి నీలి వెలుగును తగ్గించే కళ్లద్దాలు కొనిచ్చి, సమస్య తీరిపోయిందనుకోవటం పొరపాటు. వెలుగు కంటే ఆ వెలుగులో కనిపించేదే ఎక్కువ హాని చేస్తున్నది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

2016లో 20 పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో మొత్తం 1,25,198 మంది పిల్లలున్నారు. పడుకునే వేళ ఇలాంటి పరికరాలు వాడే పిల్లల్లో నిద్ర చాలకపోయే అవకాశం వాడనివారి కంటే సుమారు రెండింతలున్నట్లు కనిపించింది. ఇంకా గమనార్హమైన విషయం ఏమిటంటే, వాడకపోయినా పరికరం గదిలో అందుబాటులో ఉన్న పిల్లల్లో సైతం నిద్రలేమి ఎక్కువగానే కనిపించింది. 2019లో బ్రిటన్‌లో 11,872 మంది కౌమార వయస్కుల వివరాలను పరిశీలించినప్పుడు, సామాజిక మాధ్యమాల్లో రోజుకు అయిదు గంటలకు మించి గడిపేవారు మిగిలినవారి కంటే ఆలస్యంగా నిద్రపోతున్నట్లు తేలింది.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేల్చరాదు. దిగులుతో నిద్రపట్టని పిల్లవాడు తోచక ఫోను పట్టుకునే అవకాశం కూడా ఉన్నది. అంటే ఈ బంధం రెండు వైపులా నడుస్తుంది. అందుచేత వాడకాన్ని మార్చి చూసిన ప్రయోగాలకు విలువ ఎక్కువ. ఆస్ట్రేలియాలో 63 మంది పిల్లలను ఒక వారంపాటు పడుకునే ముందు గంటసేపు ఫోను మానమని కోరారు. వారు 17 నిమిషాలు ముందుగా దీపమార్పారు, 21 నిమిషాలు ఎక్కువగా నిద్రపోయారు. ఇది చిన్న అంకెలా కనిపించవచ్చు. వారానికి లెక్కిస్తే దాదాపు రెండున్నర గంటలు! న్యూజీలాండ్‌లో 79 మంది పిల్లల రాత్రులను కెమెరాలతో గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. పక్క ఎక్కకముందు చూసిన తెరకంటే, పక్కలో పడుకుని చూసిన తెరే నిద్రను ఎక్కువగా దెబ్బతీస్తున్నదని వారు గమనించారు. ఇది మనకు ఉపయోగపడే విషయం. ఫోను ఎంతసేపు అన్నదెంత ముఖ్యమో, ఫోను ఎక్కడ అన్నదీ అంతే ముఖ్యం.

మన ఇళ్లలో పరిస్థితి

ఇది పరదేశపు సమస్య అనుకోవటానికి వీలులేదు. 2016 తర్వాత మన దేశంలో ఇంటర్నెట్ ఖర్చు బాగా తగ్గిపోయింది. కరోనా కాలంలో పాఠాల కోసమని చాలా ఇళ్లలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. పాఠాలు బడికి తిరిగి వెళ్లాయి, ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. 2024 నాటి 'అసర్' సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారే. అడిగిన వారంలో చదువు కోసం దాన్ని వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం.

ముస్లిం కుటుంబాల విషయంలో మరో లెక్క ఉన్నది. ఇతరుల పిల్లలు రాత్రి పోయిన నిద్రను ఉదయం ఏడింటి వరకు పడుకుని కొంతైనా పూడ్చుకోవచ్చు. మనకు ఆ వెసులుబాటు లేదు. మే, జూన్ నెలల్లో హైదరాబాదులో సూర్యోదయం ఆరు గంటలలోపే అవుతుంది. ఫజ్ర్‌కు ఐదింటికే లేవాలి. పదింటికి పడుకుంటే ఏడు గంటల నిద్ర. ఒంటిగంటకు పడుకుంటే నాలుగు గంటలే. అంటే మన రాత్రికి చివరి హద్దు కదలదు. కదపగలిగినది మొదటి హద్దు ఒక్కటే. ఆ మొదటి హద్దునే యంత్రం రోజూ జరుపుతున్నది.

రమజాన్‌లో ఇది మరీ స్పష్టమవుతుంది. తరావీహ్ ముగించుకుని వచ్చిన పిల్లలు "సహరీ దాకా ఎలాగూ మేల్కొనాలి కదా" అని ఫోను పట్టుకుంటారు. ఆరాధనకోసం మేల్కొన్న రాత్రికీ, తెరకోసం మేల్కొన్న రాత్రికీ అలసట ఒకటే. ఫలితమే వేరు.

ఇషా తర్వాత వేళ

ఈ సందర్భంలో మన సంప్రదాయంలోని ఒక విషయం గుర్తుకు రాక మానదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇషా నమాజుకు ముందు నిద్రపోవటాన్నీ, ఇషా తర్వాత కబుర్లలో పడటాన్నీ ఇష్టపడేవారు కారని హజ్రత్ అబూ బర్జా (రజి) ద్వారా సహీహ్ బుఖారీలో ఉన్నది. విద్యా చర్చ, అతిథి మర్యాద, కుటుంబ అవసరం వంటివి ఇందుకు మినహాయింపులని పండితులు వివరించారు. రాత్రంతా నమాజులో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)ను సైతం, దేహానికీ కళ్లకూ హక్కు ఉన్నదని ప్రవక్త (స) వారించారు. ఆరాధన విషయంలోనే దేహపు హక్కు ఇలా ఉంటే, రీల్స్ విషయంలో చెప్పేదేముంది? ఇషాతో రోజు ముగుస్తుందన్న క్రమం మన జీవితాల్లో ఒకప్పుడు సహజంగానే ఉండేది. నేటి యంత్రం తొలగించిన 'చివరి పేజీ' అదే.

ప్రభుత్వాల ప్రయత్నాలు

ప్రపంచంలో పలు ప్రభుత్వాలు ఈ ప్రమాదాన్ని గుర్తించాయి. చైనాలో డౌయిన్ అనే మాధ్యమం 2021లో, 14 ఏళ్లలోపు వారికి రోజుకు 40 నిమిషాల పరిమితి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిలుపుదల విధించింది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2024 జూన్‌లో ఒక చట్టం చేసింది. తల్లిదండ్రుల అనుమతి లేనిదే 18 ఏళ్లలోపు వారికి అల్గారిథం ఎంచిన వరుసను చూపరాదనీ, అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు వారికి నోటిఫికేషన్లు పంపరాదనీ దాని సారాంశం. ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వారికి ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండరాదన్న చట్టం 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది. మన దేశంలో 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి నడవడిని గమనించి నమోదు చేయటాన్నీ, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపటాన్నీ నిషేధిస్తున్నది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది, అమలు దశలవారీగా జరగవలసి ఉన్నది.

కంపెనీలు కూడా కొంత కదిలాయి. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీనేజి ఖాతాలను ప్రకటించి, రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు నోటిఫికేషన్లను ఆపే ఏర్పాటు చేసింది. కాని వయస్సు ఎక్కువ వేసుకుని ఖాతా తెరిచిన పిల్లవాడికి ఈ రక్షణ వర్తించకపోవచ్చు. కనుక చట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చునేకంటే ఇంటి నుంచే ప్రారంభించటం మేలు.

మనం చేయవలసినది

మొదట చేయవలసినది నిందను ఆపటం. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పండి. తనను ఎవరో తమ లాభం కోసం మేల్కొలిపి ఉంచుతున్నారని తెలిసినప్పుడు ఈ వయస్సు వారిలో సహజంగా ఉండే ఆత్మాభిమానం మేల్కొంటుంది. "నీవు చెడ్డవాడివి" అనే మాట చేయలేని పని, "నిన్ను మోసగిస్తున్నారు" అనే మాట చేస్తుంది.

రెండవది, ఫోన్లకు ఇంట్లో ఒక చోటు ఏర్పరచండి. ఇషా తర్వాత నిర్ణీత వేళకు ఇంటిల్లిపాది ఫోన్లూ పడకగదుల బయట, ఒకేచోట చార్జింగుకు చేరాలి. తండ్రి ఫోను కూడా! తాను పక్కమీద వార్తలు చూస్తూ కొడుకును మందలించే తండ్రి మాటకు బరువుండదు. వేకువన లేవటానికి ఫోనే కావాలనే సాకు ఉండకుండా మామూలు అలారం గడియారం ఒకటి కొనండి.

మూడవది, యంత్రానికి అందే ఆహారాన్ని తగ్గించండి. యూట్యూబ్‌లో చూసిన వీడియోల చరిత్రను చెరిపి, ఇకమీదట నమోదు కాకుండా ఆపివేస్తే మొదటి పేజీలో సిఫారసులు ఆగిపోతాయి. ఒకటి అయిపోగానే మరొకటి మొదలయ్యే ఏర్పాటును ఆపివేయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో తాము అనుసరించే వారి విషయాలను మాత్రమే వేళ వరుసలో చూసే అవకాశమున్నది. నోటిఫికేషన్లలో మనుషుల నుంచి వచ్చేవి మాత్రం ఉంచి తక్కినవి తీసివేయవచ్చు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వారి చేతనే ఈ పనులు చేయించటం మంచిది.

నాలుగవది, వేళలను ఒకేసారి మార్చాలని చూడకండి. ఒంటిగంటకు అలవాటుపడిన గడియారం ఒక్కరోజులో పదింటికి రాదు. రెండు మూడు రోజులకొకసారి పదిహేను నిమిషాల చొప్పున ముందుకు జరపండి. ఫజ్ర్ తర్వాత ఆరుబయట వెలుగులో కొంతసేపు నడిపించండి. ఉదయపు వెలుగు జీవ గడియారాన్ని ముందుకు జరుపుతుంది. మధ్యాహ్నం కాసేపు ఖైలూలా అలవాటు చేస్తే వేసవి రాత్రుల కొరత కొంత తీరుతుంది. అయితే అది అరగంటకు మించితే రాత్రి నిద్రను ఆలస్యం చేస్తుంది.

అయిదవది, అన్నీ చేసినా నిద్ర పట్టని పిల్లలుంటారు. దిగులు, భయం, ఒంటరితనం వంటివి వారిని వేధిస్తూ ఉండవచ్చు. అలాంటప్పుడు ఫోను కారణం కాదు, లక్షణం మాత్రమే. వారికి కావలసినది మందలింపు కాదు, వైద్య సలహా. అంతకంటే ముందు, వారు చెప్పేది వినే తల్లిదండ్రులు.

సూరా నబాలో నిద్ర, రాత్రి, పగలు - ఈ మూడూ దైవం మానవుని కోసం ఏర్పరచిన ఒకే క్రమంలో వరుసగా కనిపిస్తాయి. ఆ క్రమంలో రాత్రిని మన పిల్లలకు తిరిగి అప్పగించటం మన బాధ్యత. రేపు వేకువన కొడుకు భుజం తట్టబోయే తండ్రి, ఈ రాత్రి ఇషా తర్వాత ఒకసారి అతని గదివైపు వెళ్లి చూడాలి. ఫోను గది బయటికి వచ్చిందా? తన ఫోను కూడా వచ్చిందా? వేకువ పిలుపుకు జవాబు అక్కడే తయారవుతుంది.